మూటలో కన్నెమ్మ

నా మొగుడు చనిపోయిన ఏడాది, తిరువళ్ళూరులో తిరుత్తణి రైలెక్కాను. ఒళ్ళో మూట, మూటలో ఒక రాయి. ఆయన చేను దున్నుతుంటే బయటపడింది. కన్నెమ్మ దేవత అని పసుపు పూసి గట్టున నిలబెట్టాడు. మూడు నెలలు తిరక్కుండా ఆయనే పోయాడు. పూజలో ఏదో తప్పు జరిగిందని, ఆ రాయిని తిరుత్తణి మురుగన్ కొండ మీద వదిలేద్దామని బయల్దేరాను.

దారిలో మూట విప్పి చూసుకుంటుంటే, ఎదుటి సీటులోని తమిళ పెద్దాయన రాయి చూసి నవ్వాడు. ఏటిగట్టున పాతకాలపు రాళ్ళు తవ్వే పనిలో కూలీ అట.

"ఎన్నమ్మా, రాతిగొడ్డలికి పసుపు పూసినారా? ఇది ఎప్పటి మనుషులో మాంసం కోసేదానికి చెక్కినారు."

"ఎవురయ్యా వాళ్ళు?"

"ఎవురికి తెలుసు? సముద్రం మింగేసిన దేశమని మా తాత కత చెప్తా ఉండె. అందురూ దాన్ని దక్షిణాన సముద్రంలో ఎతకతారు. ఆ కతలో మనుషులు ఈ రాళ్ళు చెక్కినోళ్ళేనేమో. పట్టుకో, చూడు."

పట్టుకున్నాను. బొటనవేలికి గుంట, అరచేతికి నునుపు, నా చెయ్యి కొలిచి చెక్కినట్టుంది. ఇంకొకరు ఇప్పుడే వదిలినట్టు వెచ్చగా తగిలింది.

"మరి, నా మొగుణ్ణి చంపింది ఇది కాదా?"

"ఇట్టాంటి రాళ్ళు బుట్టలకొద్దీ మోసినా తల్లీ. చంపేదే అయితే నేనీడ కూసుంటానా?"

కొండెక్కాను, దణ్ణం పెట్టుకున్నాను. రాయిని మాత్రం వదల్లేకపోయాను. దాన్ని చెక్కిన మనిషి వచ్చి అడిగితే ఏం చెప్పేది?