పాలసీసా వార్మర్‌కు సీఈ గుర్తు

2007 మార్చిలో నన్ను అమెరికాలో పార్సిప్పనీ దగ్గరి ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో సీనియర్ రివ్యూయర్‌గా వేశారు. విద్యుత్ పరికరాలను యూరప్ ఉమ్మడి మార్కెట్లో అమ్మాలంటే వాటి మీద సీఈ గుర్తు ఉండాలి. ఆ గుర్తు మేమే ఇస్తామని చాలామంది అనుకునేవారు. గృహోపకరణాలకు మేం ఇచ్చేది పరీక్షల రిపోర్టు మాత్రమే. భద్రతకు పూచీపడి సంతకం చేసి, గుర్తు వేసుకునేది తయారీదారే.

ఆ వేసవిలో ఒక చిన్న కంపెనీ పసిపిల్లల పాలసీసాలు వేడిచేసే వార్మర్ పంపింది. డిజైన్ ఇంజనీరు మాధవి, ఖమ్మం అమ్మాయి. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పాడైతే ఏమవుతుందో చూడటానికి, దాన్ని కావాలనే పనిచేయకుండా చేసి, నీళ్లు లేకుండా వేడెక్కనిచ్చాం. అడుగు ప్లాస్టిక్ మెత్తబడి కుంగిపోయింది. ఫెయిల్ అని రాశాను.

మాధవి ఫోన్ చేసింది.

"సార్, యూఎస్‌లో పాస్ అయింది గదా! మళ్ల ఇదేంది?"

"అది 120 వోల్టుల మోడల్ అమ్మా. ఇది యూరప్ కోసం చేసిన 230. హీటరే వేరు."

"మా ఓనర్ షిప్‌మెంట్ బుక్ చేసిండు సార్. సైన్ చేసేది తనే గదా, చేసేస్తా అంటుండు. నేను అడ్డం చెప్తే నా జాబ్ పోతది, దాంతో హెచ్-వన్ వీసా కూడా."

రిపోర్టు మార్చే ప్రసక్తి లేదు. అదే పరీక్ష మళ్లీ చేస్తామని, స్వయంగా వచ్చి చూడమని ఆ ఓనర్‌ను పిలిచాను. మాధవిని వెంటబెట్టుకుని విసుగ్గానే వచ్చాడు. గాజు తలుపు అవతల అడుగు కుంగి, లోపలి వైరు బయటపడటం కళ్లారా చూశాడు. మాధవి వైపు తిరిగి, దీనికి మార్గముందా అని అడిగాడు.

ఆమె బ్యాగులోంచి ఇంకో వార్మర్ తీసింది. హీటర్ పక్కన థర్మల్ ఫ్యూజ్ తానే అమర్చి, ఆయనకు చెప్పకుండా తెచ్చింది. అదే పరీక్ష పెట్టాం. ప్లాస్టిక్ మెత్తబడకముందే ఫ్యూజ్ తెగి కరెంటు ఆగిపోయింది. ఆయన అక్కడినుంచే ఫోన్ చేసి షిప్‌మెంట్ ఆపించాడు.

చేత్తో అమర్చిన నమూనా లెక్కలోకి రాదు. కొత్త డిజైన్‌తో ఫ్యాక్టరీలో తయారైనవి తెప్పించి, పరీక్షలు మళ్లీ నడిపాం. పాసయ్యాయి. క్రిస్మస్‌కు ముందే సరుకు యూరప్ చేరింది. తర్వాతి మోడల్ నుంచి భద్రత పనంతా ఆయన మాధవికే అప్పగించాడు.

ఫెయిల్ అనే మాట కాగితం మీద వెళితే తగువవుతుంది. కళ్లెదుట జరిగితే, సరిచేసే పని అక్కడే మొదలవుతుంది. ఆ తర్వాత నా సర్వీసంతా, తయారీదారుకు చూపించాకే ఫెయిల్ రిపోర్టు పంపాను.