నా గుండె మాట నాకు చెప్పండి

మా మేనత్త పోయిన ఆదివారం కన్నుమూసింది. సేలం దగ్గరి ధర్మపురిలో, తన ఇంట్లో, నిద్రలోనే. చూడ్డానికొచ్చిన వీధివాళ్లు కన్నీళ్లు తుడుచుకుంటూనే, "ఆ ఆపరేషన్ తర్వాత ఇన్నేండ్లు బతికి చూపించింది" అనుకున్నారు.

తొమ్మిదేళ్ల కిందట ఆమె గుండె కవాటం పాడైంది. సేలంలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, ఆమె కొడుకైన మా బావనూ నన్నూ ఉండమని, అత్తను బయట కూర్చోమంది. అత్త కుర్చీలోంచి లేవలేదు.

"నా గుండె మాట నాకు చెప్పకుండా ఎవరికి చెప్తారమ్మా?"

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. వయసు, షుగరు, నీరసించిన మూత్రపిండాలు, పొగాకు చుట్టలతో చెడిన ఊపిరితిత్తులు అన్నీ కలిపి లెక్క వేస్తే, కవాటం మార్చే ఆపరేషన్ బాగా జరిగినా ఆసుపత్రిలోనే ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువని నెమ్మదిగా చెప్పింది. బావ అత్త చెయ్యి పట్టుకుని లేపబోయాడు.

"వద్దుమా, ఇంటికి పోదాం" అన్నాడు తల్లితో.

"ఉండు నాయనా. వీటిల్లో నేను తగ్గించుకోగలిగింది ఏముండాదో అది చెప్పండమ్మా."

వయసు తగ్గదు. మిగతావాటికి దారి ఉంది. అత్త ఆ పూటే పొగాకు మానేసింది. సంగటి ముద్ద సగానికి తగ్గించింది. ఊపిరి బలపడాలని, గాలి పీలిస్తే మూడు బంతులు పైకి లేచే ప్లాస్టిక్ డబ్బా ఆసుపత్రిలో ఇచ్చారు. చింతపండు గింజలు తీసే పని మధ్యలో దాంతో కుస్తీ పట్టేది. మూడు బంతులూ లేచిన రోజు మా ఇంటికొచ్చి చేసి చూపించింది.

"చూస్తివా అమ్మణ్ణీ, నా ఊపిరి నా మాట వింటా ఉండాది."

మళ్లీ పరీక్షలయ్యాయి. ప్రమాదం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. "నా వంతు అయిపోయింది. ఇంక మీరు చూసుకోండి" అని అత్త సంతకం పెట్టింది. ఆపరేషన్ తర్వాత మూత్రం సరిగా రాక, కొన్నాళ్లు మేము తిండీ నిద్రా మరిచాం. ఆమె తేరుకుంది. ఇంటికి పంపేరోజు చక్రాల కుర్చీ తెస్తే, "నడిచే వచ్చినాను, నడిచే పోతాను" అంది. డాక్టరమ్మ వాకిలి దాకా ఆమె పక్కనే నడిచింది.

తరువాత మా వీధిలో ఎవరికి గుండె ఆపరేషన్ అన్నా అత్త తోడు వెళ్లేది. "భయపడేది తర్వాత. ముందు అడుగు" అని వాళ్లను డాక్టరు ఎదుట కూర్చోబెట్టేది. నేను ధైర్యమంటే ఏమిటో ఆమె దగ్గరే చూశాను.

నిరుడు తీర్థమలై కొండ ఎక్కాం. బావా నేనూ సగంలోనే చతికిలబడ్డాం. తలెత్తి చూస్తే అత్త పైన నిలబడి ఉంది. గాలికి కొంగు ఎగురుతోంది. ఒక చేత్తో కొంగు పట్టుకుని, రెండో చేత్తో మమ్మల్ని పైకి రమ్మంటోంది.