ఫోను ముసలిదైతే టీచరు ఆబ్సెంటు

పలమనేరులో నేను సైన్సు చెప్పే ప్రైవేటు స్కూల్లో పోయినేడు టీచర్లు సంతకాలు పెట్టే పద్ధతి తీసేసినారు. పొద్దున్నే ఎవరి ఫోన్లో వాళ్లు ఒక యాప్ తెరిచి మొగం చూపించాల. అప్పుడే బడికి వచ్చినట్టు లెక్క.

అందరి ఫోన్లలోకీ ఆ యాప్ దిగింది. నా దాంట్లో మాత్రం 'ఈ యాప్ మీ ఫోనుకు సరిపడదు' అని వచ్చింది. అప్‌డేట్ చేద్దామని చూస్తే 'మీ ఫోను అప్‌డేట్‌గానే ఉంది' అనింది. కంపెనీవాళ్లు దానికి కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం మానేసి శానా కాలమైంది. పాపం, దానికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, నిక్షేపంగా పనిచేస్తా ఉండాది. అంతకు కొద్దిరోజుల ముందే చిత్తూరికి పోయి బ్యాటరీ కూడా మార్పించినా. అంగడాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంకా వాడతా ఉండారామ్మా?" అన్నాడు, ఇంట్లో పెద్దాయన బాగుండాడా అని అడిగినట్టు.

వారం తిరక్కుండానే హెడ్మాస్టరు గదికి పిలిపించినాడు.

"మేడం, మీరు స్కూలుకు రావడం లేదు."

"మీ ఎదురుగానే ఉండా కదా సార్."

"నాకు కనిపిస్తా ఉండారు. యాప్‌కు కనిపించడం లేదు."

"అయితే నిన్న తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పిందెవరు సార్? మీరు బంగారుపాళ్యంలో పెండ్లికి పోయినారని మీ క్లాసు కూడా నేనే తీసుకుంటి."

ఆయన పెండ్లి మాట పక్కన పెట్టేసినాడు. "ఒక కొత్త ఫోను కొనుక్కోండి మేడం. టీచరంటే కాలంతో పాటు నడవాల."

స్టాఫ్ రూముకొచ్చి మా ఇంగ్లీషు టీచరుకు చెప్పినా. ఆమె పడీపడీ నవ్వింది. అందరి నిన్నటి హాజరూ తన ఫోన్లో తెరిచి చూపించింది. పెండ్లికి పోయిన హెడ్మాస్టరు 'ప్రెజెంట్'. రెండు క్లాసులు చెప్పిన నేను 'ఆబ్సెంట్'. ఆ యాప్‌కు మొగముంటే సాలు. ఆ మొగం బడిలో ఉండాదో పెండ్లి పందిట్లో ఉండాదో దానికి పట్టదు.

నాకు ఒళ్లు మండింది. శనివారం మీటింగుకు స్కూలు ఓనరు వచ్చినప్పుడు లేచి నిలబడినా. "సార్, నా ఫోను పాతదే. కానీ నేను బడి లోపలుండి రానట్టు, హెడ్మాస్టరు గారు పెండ్లి భోజనం చేస్తా ఉన్నా బడికి వచ్చినట్టు చూపించే ఫోను నాకొద్దు. మొగాలే చూడాలంటే ఆ యంత్రమేదో మీరే కొని గేటు కాడ పెట్టండి. అందరం చూపిస్తాం."

ఓనరు హెడ్మాస్టరు వైపు తిరిగి, "పెండ్లి ఎవరిదప్పా?" అని మాత్రమే అడిగినాడు. ఆయన కిందికి చూసుకుంటా, "మా బంధువులది సార్" అన్నాడు.

సోమవారానికల్లా గేటు కాడ గోడకు ఒక ట్యాబు బిగించినారు. ఇప్పుడు మేమంతా వరసలో నిలబడి దానికి మొగం చూపిస్తా ఉండాము. హెడ్మాస్టరు నా ముందరో వెనకాలో ఉంటాడు. నమస్కారం పెడితే తలూపుతాడు, మాట్లాడడు. పరీక్షల డ్యూటీలు మాత్రం మర్చిపోకుండా నాకే వేస్తాడు.

పోయిన నెల నుంచి గ్యాసు బుక్ చేసే యాప్ కూడా ఈ ఫోన్లో తెరుసుకోవడం లేదు. కొత్తది కొందామని మా ఇంటాయన మళ్లీ పాట ఎత్తుకున్నాడు. నేను గ్యాసు ఆఫీసుకు ఫోన్ చేసినా. అవతల ఎత్తినామె బిత్తరపోయింది, "యాప్‌లో చేయకుండా ఫోన్ చేసినారేంటి మేడం?" అని.

"ఇది ఫోను కదమ్మా" అన్నా.

మూడో రోజు సిలిండర్ వచ్చింది.