అప్పలస్వామి, బయటికి రా

దయ్యాలంటే నాకు భయం లేదు బంగారాలూ, చిన్నచూపు ఉంది. మా పక్కింటావిడ చెరకుతోటలో తెల్లచీర కదిలిందని వణుకుతూ వస్తే, ఎవరో పంచె ఆరేసి ఉంటారు, వెళ్ళి చూసి రమ్మని పంపేదాన్ని. ఒకసారి వెళ్ళింది కూడా. పంచే.

అంత దూరాన పెర్త్‌లో కూర్చుని, నా మనవలు మీరు దీన్ని మీ నాన్న చేత చదివించుకుంటారు. నవ్వితే నవ్వండి. నేను విన్నది విన్నట్టే రాస్తున్నాను.

అది ఇక్కడ తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ మనవాళ్ళూ కలిసి మొదటిసారి ఓటేసిన ఎన్నికల ఏడాది. షాకాస్‌క్రాల్ దగ్గర, మన పెద్దలు సముద్రం దాటి కూలికొచ్చిన మా చక్కెర మిల్లు వాళ్ళకు ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుట్టింది. అంతవరకు మమ్మల్ని వెనక గేటులోంచి రానిచ్చినవాళ్ళు ముందు గేటు తెరిచారు. కొత్త దేశం, అందరి వారసత్వం అంటూ కార్డులు పంచారు. చెరకు బండ్లు లాగిన పాత ఆవిరి ఇంజిన్‌కు ఆకుపచ్చ రంగు వేసి, మళ్ళీ నడిపి చూపిస్తామన్నారు. పక్కన పెద్ద బోర్డు పెట్టారు.

ఆ ఇంజిన్ స్కాట్లాండులో, గ్లాస్గోలో తయారైంది. దాని కథ చెప్పడానికి అక్కడినుంచి ఒక దొర వచ్చాడు. ఇంజిన్ల కార్ఖానా చరిత్ర రాస్తున్నాడట. అది మొదట ఓడలకు బాయిలర్లు చేసే కొలిమి అట. తర్వాత రైలింజిన్ల కార్ఖానా ఎలా అయిందో, మొట్టమొదటి ఇంజిన్ గుమ్మం దాటకుండా ఎలా ఇరుక్కుందో, గుమ్మం ఎలా పగలగొట్టారో చెప్పాడు. మేస్త్రీల పేర్లు, వాళ్ళ శిష్యుల పేర్లు చదివాడు. ఇంజిన్‌ను కార్ఖానా నుంచి రేవుదాకా లాగిన గుర్రాల్లో ముందుదాని పేరు డ్యూక్ అట. అదీ బోర్డు మీద ఉంది.

మా నాయన పేరు లేదు.

నాయన ముప్పై ఏళ్ళు ఆ ఇంజిన్ కడుపులోకి దూరి బతికాడు. నిప్పు తీసేశాక, సన్నటి మనిషి గనుక, బొగ్గు వేసే కంతలోంచి లోపలికి పాకి మసీ బూడిదగడ్డలూ గీకేవాడు. లోపలున్న మనిషి బయటికి కనపడడు. అందుకని మళ్ళీ నిప్పు పెట్టేముందు ఒక పద్ధతి ఉండేది. సుత్తితో మూడు దెబ్బలు కొట్టి, పేరు పెట్టి పిలవాలి. లోపల ఉంటే జవాబు కొడతాడు. నాయన జవాబు వేరు. ఒక దెబ్బ, తర్వాత గీకుడు ఇనుముతో పొడుగ్గా ఒక గీత, గర్ర్‌ర్ మని. ఇంకా పనవలేదు, ఆగు అని. అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి నేనెన్నిసార్లు విన్నానో.

నాయన ఆ ఇంజిన్‌లో పోలేదు. అది ముందే చెప్పాలి. ఇంట్లో, మంచం మీద, నా చేత్తో గంజి తాగి పోయాడు.

నేను దొర దగ్గరికి వెళ్ళి మా నాయన పేరు కూడా బోర్డు మీద రాయమని అడిగాను.

"రిజిస్టర్ చూశానమ్మా. అందులో పదకొండుమంది సామీలున్నారు. మీ నాన్న ఏ సామీ?" అన్నాడు.

మన మగవాళ్ళందరినీ తెల్లవాళ్ళు సామీ అనే పిలిచేవారు. కుక్కకు పెట్టిన పేరులాగా.

నేనెప్పుడూ గొంతు పెంచను, మీకు తెలుసు. "గ్లాస్గోలో ఎన్ని డ్యూక్‌లు ఉండేవి బాబూ?" అని అడిగాను.

మా చెల్లెలు పైడమ్మ నా కొంగు లాగింది. "ఏటే అక్కా, ఆ లార్నీ దొరతో, అంత గొప్పోడితో, నీకేటి? రా, సమోసాలు అయిపోతన్నాయి!"

వచ్చేసేదాన్నే. కానీ మిల్లు ఫిట్టర్ తెంబా ఇంజిన్‌లో నిప్పు పెట్టడానికి నూనెగుడ్డ వెలిగిస్తున్నాడు.

"ముందు కొట్టాలి, తెంబా," అన్నాను. నమ్మకంతో కాదు, మొండితనంతో.

దొరకు ముచ్చటేసింది. స్థానిక ఆచారం, అద్భుతం అన్నాడు. సుత్తి తనే తీసుకుని, కెమెరా వైపు చూస్తూ మూడు కొట్టాడు.

ఏమీ లేదు.

"పేరు పెట్టి పిలవాలి," అన్నాను.

"సామీ!" అన్నాడు. అందరూ నవ్వారు. మిల్లు మేనేజరు మరీ ఎక్కువ నవ్వాడు.

నేను పేరు చెప్పాను. దొర నాలుక తిప్పుకుని మళ్ళీ మూడు కొట్టి, "అప్పలస్వామి" అన్నాడు.

లోపల్నుంచి ఒక దెబ్బ. తర్వాత గర్ర్‌ర్.

మేనేజరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. తెంబా కంత తలుపు తీసి, టార్చి పట్టుకుని, భుజాలదాకా లోపలికి దూరి చూశాడు. ఖాళీ. ఎలుక అన్నాడు దొర. ఎలుక కూడా లేదు. ఎండకు ఇనుము సాగిందన్నాడు. పొద్దుటినుంచి తుంపర పడుతోంది, మా అందరి తలలూ తడిసే ఉన్నాయి. పేరు లేకుండా కొట్టి చూశాడు. జవాబు లేదు. పేరుతో కొట్టాడు. దెబ్బ, గీత. ఇంకోసారి. దెబ్బ, గీత.

తెంబా నూనెగుడ్డ బకెట్ నీళ్ళలో పడేశాడు. "హాయిబో! నేను వెలిగించను గోగో. లోపల మనిషున్నాడు." గోగో అంటే వాళ్ళ మాటలో అవ్వ.

దొర నా వైపు చూశాడు. అంత చదువుకున్నవాడు, సమోసా తినడానికొచ్చిన ముసలిదాన్ని చూశాడు.

కంత దగ్గర నోరు పెట్టి, "నాయనా, పనైపోనాది. బయటికొచ్చేయి. ఇంటికెళ్దుం," అన్నాను. తర్వాత సుత్తి తీసుకుని మూడు కొట్టి, కన్నతండ్రిని జీవితంలో మొదటిసారి పేరు పెట్టి పిలిచాను.

జవాబు రాలేదు.

అప్పుడు తెంబా కొత్త గుడ్డ వెలిగించాడు.

బోర్డు మారలేదు. కొన్నాళ్ళకు దొర రాసిన చిన్న పుస్తకం పోస్టులో వచ్చింది. వేడికి లోహం వ్యాకోచించడం గురించి ఒక వాక్యం ఉంది. డ్యూక్ ఫోటో ఉంది. చెవులారా విని, నోరారా మూడుసార్లు పిలిచిన పేరు మాత్రం లేదు. ఆ పుస్తకం మీ అత్త ఇంట్లో ఊగే బల్ల కాలి కింద పెట్టాం. అక్కడ పనికొస్తోంది.

తెంబా మాత్రం ఇంజిన్ నడిపే ప్రతిసారీ మూడు కొట్టి, "అప్పలస్వామి, బయటికి రా" అని మన మాటల్లోనే అరుస్తాడు. నేనే నేర్పాను. వచ్చినవాళ్ళు బోర్డు చదువుతూ, ఆ పేరెవరిదని అడుగుతారు. చెబుతాడు.

మంచం మీద పోయిన మనిషి ఇనుములోంచి ఎలా పలికాడో నాకిప్పటికీ తెలియదు. దయ్యాలంటే ఇప్పటికీ చిన్నచూపే. కానీ ఆ గీత మా నాయనదే. ఇప్పుడూ జవాబు వస్తుందా అని తెంబాను నేను అడగలేదు. పిలిచాక వాడు చాలాసేపు ఆగుతాడు. అది చూశాను.