ఆ ఫోను ఎత్తకపోతే బాగుండును

భానుమతికి అరుంధతి అంటే పడదు. ఆ మాట పైకి ఎవరితోనూ అనలేదు గానీ, పార్లమెంటు దగ్గరి నార్త్ అవెన్యూ ఎంపీ ఫ్లాట్లలో పనిచేసే తెలుగువాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

నిజానికి అరుంధతికి పని నేర్పింది భానుమతే. ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగ్ మధ్యలో వదిలేసి ఉద్యోగం కోసం వచ్చిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ శాఖలో ఎవరితో ఎలా మాట్లాడాలో, సభలో వేసే ప్రశ్నను ఎలా రాస్తే వెనక్కి పంపరో అన్నీ చెప్పింది. భానుమతి పీఏగా పనిచేసే ఎంపీ వీరరాఘవులు గారి పార్టీ అప్పట్లో అధికారంలో ఉండేది. తలుపు తెరవకముందే వరండా నిండిపోయేది. తర్వాతి ఎన్నికల్లో పార్టీ ఓడింది, ఆయన మాత్రం గెలిచారు. ఆపై ఎన్నికల్లోనూ అంతే. ఈలోగా అరుంధతి అధికార పక్షానికి చెందిన పక్క జిల్లా ఎంపీ దగ్గర చేరింది. ఆయనకు ఇచ్చిన ఫ్లాటు సరిగ్గా వీళ్ళ పక్కదే అయింది.

జనం ఇప్పుడు ఆ వరండాలో నిలబడుతున్నారు. "హా జీ, ఠీక్ హై జీ" అని అరుంధతి ఫోనులో నవ్వుతూ మాట్లాడుతుంటే ఇవతల భానుమతికి ఒళ్ళు మండిపోయేది. సాయంత్రం ఆర్.కె. పురం క్వార్టర్‌కి చేరాక కూడా అదే ధ్యాస. "నేను నేర్పిన మాటలే, నేను నేర్పిన వరసే" అని కూర తరుగుతూ గొణిగేది. కూతురు ప్రణతి తలైనా ఎత్తకుండా, "ఛోడో నా మమ్మీ, కిత్నా సోచ్‌తీ హో" అని, ఇంక వదిలెయ్యమన్నట్టు హిందీలో విసుక్కునేది.

వీరరాఘవులు గారు మాత్రం పని మానలేదు. బిల్లు వస్తే అక్షరం వదలకుండా చదివి సవరణలు రాసేవారు. సభలో అవన్నీ మూజువాణి ఓటుతో ఒక్క గుక్కలో వీగిపోయేవి. పార్టీకి దక్కేదే కాస్త సమయం, ఈయన లేచి గొంతు సవరించుకునేలోగా గంట మోగేది. రెండు జిల్లాల మధ్య రైల్వే వంతెన కోసం ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగారు. అది మంజూరైన రోజు పేపర్లో పక్క ఫ్లాటు ఎంపీ ఫొటో పడింది. ఈయన పేపరు మడిచి పెట్టి, ఇంకొంచెం టీ అడిగారు. మనసులో ఏమీ లేదేమో, మహానుభావుడు అనుకుంది భానుమతి. ఆమెకైతే వారం రోజులు అన్నం సహించలేదు.

శీతాకాల సమావేశాలు జరుగుతుండగా ఒక పొద్దున్న కనకయ్య అనే పెద్దాయన శాలువా కప్పుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"అరుంధతిగారి ఆఫీసు ఎటేపమ్మా?"

ఏ ఊరని అడిగితే, వీరరాఘవులు గారి నియోజకవర్గంలోని ఊరే చెప్పాడు. భార్యకు గుండె ఆపరేషన్ అవసరం. ఇక్కడి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు దర్శనమే దొరకడం లేదు.

"మీ ఎంపీ మా సారే కదండీ. ఇక్కడికే రావాలి" అంది భానుమతి.

"వద్దామనే అనుకున్నానమ్మా. అక్కడికెళ్తే పనవుద్దని ఊళ్ళో అన్నారు."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. "ఇక్కడా అవుతుంది, కూర్చోండి" అని కుర్చీ చూపించి ఆసుపత్రికి ఫోను చేసింది. సాబ్ మీటింగులో ఉన్నారన్నారు. మళ్ళీ చేస్తే ఇంకా రాలేదన్నారు. మరోచోట అయితే సగంలోనే పెట్టేశారు. మధ్యాహ్నం సభ నుంచి వచ్చిన వీరరాఘవులు గారు విషయం విని స్వయంగా చేశారు. పేరు చెప్పి, పార్టీ చెప్పి, అవతలివాళ్ళు లైనులో ఉండమంటే చాలాసేపు ఉండి, చివరికి ఫోను కింద పెట్టారు. కనకయ్య మొహమాటానికి కదలకుండా కూర్చున్నాడు.

"పదండి కనకయ్యగారూ, పక్కకి వెళ్దాం" అన్నారు ఆయన లేస్తూ.

"మీరెందుకు సార్? నేను కనుక్కుంటాను కదా."

"నువ్వూ రా భానుమతీ."

ఆయనను గుమ్మంలో చూసి అరుంధతి గబుక్కున లేచి నిలబడింది. "కబురు చేస్తే నేనే వచ్చేదాన్ని కదా సార్" అంటూ ఫోను చేసింది. టీ కప్పులు వచ్చేలోగా పనైపోయింది. "రేపు పొద్దున్న డాక్టర్‌గారు చూస్తారు అంకుల్, మీరేం కంగారు పడకండి" అంది. కనకయ్య కళ్ళనీళ్ళతో ఆమెకు దండం పెట్టాడు. తర్వాత గుర్తొచ్చినట్టు వీరరాఘవులు గారి వైపు తిరిగి ఆయనకూ పెట్టాడు.

తిరిగి వచ్చాక ఆయన తలుపు దగ్గరగా వేశారు.

"ఈసారి ఎన్నికల్లో నేను నిలబడను భానుమతీ."

"కనకయ్య అన్నదానికా సార్?"

"అతను అన్నదానికి కాదు. ఆ అమ్మాయి ఫోను చేస్తున్నప్పుడు, అవతల ఎవరూ ఎత్తకపోతే బాగుండునని అనుకున్నాను. నా ఓటరు భార్య గుండె జబ్బుతో మంచం మీదుంటే నాకు వచ్చిన ఆలోచన అది. ఓడిపోవడం ఓర్చుకున్నాను. ఇలాంటివాణ్ణి అయిపోవడం మాత్రం నావల్ల కాదమ్మా."

భానుమతి తల దించుకుంది. సరిగ్గా అదే క్షణంలో ఆమె కూడా అదే కోరుకుంది. కానీ ఆ మాట ఆయనతో అనలేకపోయింది.

ఆయన పోటీ నుంచి తప్పుకోవడం మీద పేపర్లు తలా ఒకటి రాశాయి. ఓటమి భయమని కొందరు, పార్టీలో పొసగలేదని కొందరు, ఆరోగ్యం బాగాలేదని ఇంకొందరు. భానుమతి అన్నీ చదివింది. అసలు సంగతి తెలిసి కూడా ఆయన మీద ఆమెకు జాలి కలగలేదు, కుళ్ళు పుట్టింది. ఆయన లేచి వెళ్ళిపోగలిగారు. తనకు ఇంటి ఖర్చులున్నాయి, కూతురి చదువుంది.

ఎన్నికలు ముగిశాక ఫ్లాటు ఖాళీ చేసే రోజున అరుంధతి వచ్చింది.

"అక్కా, మా సార్ మళ్ళీ గెలిచారు, సీనియర్ మనిషి కావాలంటున్నారు. నా కింద కాదు, నాతో సమానంగా. వస్తావా?"

భానుమతి అట్టపెట్టెకు టేపు అంటించడం ఆపింది. "రాలేను. నువ్వంటే నాకు ఏడుపు అరుంధతీ. దాన్ని పెట్టుకుని రోజూ నీ ఎదురుగా కూర్చోలేను."

అరుంధతికి కోపం రాలేదు. పెట్టె అంచు పట్టుకుని టేపు సరిగా అంటేలా సాయం చేసింది.

"తెలుసక్కా. నీ దగ్గర పని నేర్చుకున్నన్నాళ్ళూ నాకూ నీ మీద అలాగే ఉండేది" అంది.

భానుమతి ఆ వేసవిలోనే, మళ్ళీ ప్రతిపక్షంలోనే మిగిలిన వీరరాఘవులు గారి పార్టీ తరఫున కొత్తగా గెలిచిన ఎంపీ దగ్గర చేరింది. ఆయన కుర్రవాడు, ఉత్సాహం ఎక్కువ. మొదటి బిల్లుకే బోలెడు సవరణలు తెచ్చి, వీటిలో ఎన్ని నెగ్గుతాయి అని అడిగాడు. ఆమె ఆ కాగితాలు తీసుకుని, "ముందు రాసే పద్ధతి చూద్దాం సార్" అంది.