గోధుమరంగు కొవ్వు

బూర్గంపాడులో చలి ముదిరిన ఒక సాయంత్రం, ఫోన్‌లో చదివిన సంగతి మా అత్తమ్మకు చెప్పాలనిపించడం నా బుద్ధితక్కువ. మన మెడ దగ్గర గోధుమరంగు కొవ్వు అని ఒకటి ఉంటుందట అన్నాను.

"గోధుమ కొవ్వా?" అంది ఆమె, పొయ్యి ముందు నుంచి కదలకుండా. "రాత్రిపూట ఇంత బువ్వ తినమంటే ఇంటవా? గా చపాతీలు తిని తిని తెచ్చుకున్నవ్."

గోధుమలు తింటే వచ్చేది కాదు, దాని రంగే అది అని నమ్మించేసరికి నా ఓపిక సగం అయిపోయింది. మామూలు కొవ్వు ఊరికే పేరుకుంటుందని, ఇది మాత్రం చలికి మండి ఒంట్లో వేడి పుట్టిస్తుందని, కాస్త మానసిక ఒత్తిడి కలిగినా కొందరిలో రాజుకుంటుందని మిగతా సగంతో వివరించాను.

"అంటే టెన్షన్ పడితే సలి పెట్టదా?"

"కొంచెం తగ్గొచ్చు," అన్నాను.

మర్నాడు పొద్దున భద్రాచలంలోని ఆఫీసుకు తయారై స్వెట్టర్ వెతుక్కుంటుంటే, "నీ బస్సు పోయినట్టుందమ్మా," అంది అత్తమ్మ వాకిట్లోంచి. స్వెట్టర్ సంగతి వదిలేసి రోడ్డు దాకా పరుగెత్తాను. బస్సు ఇంకా రానే లేదు. నా మెడ మాత్రం కాలిపోతోంది. అది కొవ్వు మండడమో, పరుగుకు వేడెక్కడమో, అత్తమ్మ మీద ఒళ్లు మండడమో తేల్చుకోలేకపోయాను.

సాయంత్రం ఇంటికొచ్చి, అబద్ధమెందుకు చెప్పావని నిలదీశాను.

"నీ స్వెట్టర్ ఉతికిన, ఆరలే. సలికి వణుక్కుంట పోతవని జర టెన్షన్ పెట్టిన," అంటూ ఆమె దండెం మీది స్వెట్టర్‌ను పట్టి చూసింది. "రేపటికి గూడ ఆరేటట్టు లేదు. ఏం జెప్పాల్నో ఆలోచిస్తున్న."