‘బాగుండాను’ ఒప్పుకోని డాక్టరమ్మ

ప్రొద్దుటూరులో పొద్దున పూట ఏ వీధిలో నడిచినా పెనం మీద ఎర్రకారం కాలే ఘాటు ముక్కుకు తగులుతుంది. ఊరంతా ఆ వాసనకు లొట్టలేస్తుంటే నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఈ రోజు కూడా ఆసుపత్రికి వస్తూ దోశల బండి దాటేటప్పుడు తుమ్ము వచ్చింది, తుమ్ముతోపాటే సుభద్రమ్మ గారు గుర్తుకొచ్చారు. ఆమె పోయి కొన్నేళ్ళయింది. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు గానీ, ఆమె తెప్పించిన విసుగు అంత సులువుగా తీరేది కాదు. ఒక్క కారం దోశ హాయిగా తినే సుఖం కూడా నాకు మిగల్చకుండా పోయిందావిడ.

సుభద్రమ్మ గారు క్యాన్సర్ డాక్టరు, మా ఆసుపత్రిలో నాకు పై అధికారి. పులివెందుల మనిషి. పెద్ద నగరాల్లో చదివి, అక్కడే చాలాకాలం పనిచేసి వచ్చినా ఆమె మాట మాత్రం పులివెందుల బస్టాండు దాటలేదు. నాది జమ్మలమడుగు. ఫార్మసీ చదివి ఆమె దగ్గర ఉద్యోగంలో చేరాను. రొమ్ము క్యాన్సరు బాగా ముదిరి ఎముకలకో, ఊపిరితిత్తులకో పాకిన ఆడవాళ్ళకు ఒక మందు ఒక్కటే ఇవ్వడం మేలా, దానికి రెండో మందు జతచేసి ఇవ్వడం మేలా అని అప్పట్లో చాలా ఊళ్ళ ఆసుపత్రులు కలిసి పరీక్షిస్తున్నాయి. అందులో మాదీ ఒకటి. రెండో మందు గడ్డను అణచవచ్చు, దాంతోపాటు మనిషినీ అణచవచ్చు. అందుకని మందు మింగినామెకు ఏమవుతోందో అడిగి రాయడం నా పని. వినడానికి ఎంత తేలికో కదా!

మా సీమలో ఎవరినైనా ఎట్లుండావని అడిగితే బాగుండాను అంటారు. చేయి విరిగినా బాగుండాను, గోడ కూలినా బాగుండాను. అదొక మర్యాద. అందులోనూ డబ్బులడక్కుండా ఊరికే మందిచ్చే డాక్టరు ముందు బాగలేదనడమంటే, పిలిచి అన్నం పెట్టిన ఇంట్లో కూరకు వంక పెట్టినట్టే. నేనూ ఆ మర్యాదలోనే పుట్టి పెరిగినదాన్ని గనుక, చేరిన కొత్తలో వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి తీసుకెళ్ళాను. సుభద్రమ్మ గారు అందులో ఒకామె కాగితం చూసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“ఏమ్మే, పెండ్లికొచ్చినోళ్ళను పలకరిస్తాండావా, జబ్బుతో వచ్చినోళ్ళనా?”

“వాళ్ళు అదే చెప్పినారు మేడమ్.”

“వాళ్ళు చెప్తారు. నువ్వు ఒప్పుకోవద్దు. ఈ గదిలో ఆ మాట నాకు వినపడకూడదు. పో, మళ్ళా అడుగు.”

మళ్ళీ అడగడానికి ఆ మనిషి ఉంటే కదా? అప్పటికే పులివెందుల బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ మాటే చెబితే, “బస్సు ఆయమ్మ ఒక్కదానికే ఎయ్యలేదు, నువ్వూ ఎక్కు” అన్నారు. నిప్పులు చెరిగే ఎండలో పులివెందులకు పోయి, అరటితోటల మధ్య ఇల్లు వెతుక్కుని వెళ్తే ఆమె నాకు చల్లని మజ్జిగ ఇచ్చి, “బాగుండాను పాపా, దీనికి ఇంతదూరం ఎందుకొచ్చినావు?” అంది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. సాయంత్రం దాకా ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూ కూర్చుంటే అప్పుడు బయటపడింది, అరికాళ్ళు చిట్లి మండుతున్నాయని, చెప్పులు కూడా వేసుకోలేకపోతోందని. ఇంత సాధించుకొచ్చాను కదా, ఒక మంచిమాట అంటారేమో అని ఆశపడ్డాను. “ఆయమ్మ ఈడికి ఒట్టికాళ్ళతో వచ్చింది. నువ్వు చూడలేదా?” అన్నారు సుభద్రమ్మ గారు. ఉద్యోగం మానేస్తానని ఆ రాత్రి ఇంట్లో చెప్పాను. పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను.

ఓబులమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. మైలవరం దగ్గర పల్లెలో గొర్రెలు పెంచుకునే ఇంటి మనిషి. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండేది. రెండు మందులూ కలిపి తీసుకునే గుంపులో పడింది. మంచం దిగలేని మనిషి కాస్తా మందు పడ్డాక లేచి తిరగసాగింది. గడ్డ తగ్గుతోందని స్కానింగులో తెలిసిన రోజు ఆమెకంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. తర్వాత ఒకసారి చెంపలు లోపలికి పీక్కుపోయి కనిపించింది. సుభద్రమ్మ గారు నోరు తెరిపించి చూశారు. లోపలంతా తెల్లటి పుండ్లు.

“నోరెట్లుండాది ఓబులమ్మా?”

“బాగుండాది డాక్టరమ్మా.”

“సంగటి తింటాండావా?”

“శానా తింటాండా.”

సుభద్రమ్మ గారు నా వైపు తిరిగి, “పోయి ఎర్రకారం దోశ కట్టించుకోని రాపో” అన్నారు. పుండ్లు మీ కళ్ళకు కనపడ్డాక మళ్ళీ దోశ ఎందుకు మేడమ్ అని నేను అంటుండగానే వేలితో తలుపు చూపించారు. చదివిన చదువేంటి, మోస్తున్న పొట్లమేంటి అని గొణుక్కుంటూ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఓబులమ్మ దోశను చూసింది, డాక్టరమ్మను చూసింది. మనిషి పెట్టిన తిండిని వద్దనడం ఆమెకు చేతకాని పని. చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి.

“బాగుంది డాక్టరమ్మా,” అంది. “కారం బాగా పడింది.”

సుభద్రమ్మ గారు పొట్లం లాగేసి, మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతిలో పెట్టారు.

“నేను కనిపెడితే చాలదు ఓబులమ్మా, నువ్వు చెప్పల్ల. ఈడుంటే నోరు తెరిపించి చూస్తా. ఈ మందు ఊపిరితిత్తులను గూడా పడతాది. రేపు మీ ఊళ్ళో దమ్మాడకపోతే నేను యాడుంటా?”

ఓబులమ్మ గ్లాసు కింద పెట్టింది. “చెప్తే మందు ఆపేస్తారంట తల్లీ. బయట కూచున్నోళ్ళు అనుకుంటాంటే విన్యా. ఆ మందు పడినాకనే గదా నేను లేచి తిరుగుతాండేది.”

“ఇప్పుడు ఆపుతా. పుండ్లు మానినాక తగ్గించి మళ్ళా ఇస్తా. నువ్వు బాగుండానంటే ఆ మాట నమ్ముకోని ఇంకొకామెకు గూడా ఇంతే మందు ఇస్తారు. ఆమె నోరు గూడా ఇట్లనే అయితాది.”

“ఎవురామె?”

“నాకేం తెలుసు? ఇంకా రాలేదు.”

ఓబులమ్మ వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. జబ్బు మనిషిని కూర్చోబెట్టి ఏడిపించడం ఏం వైద్యం మేడమ్ అని అడిగేశాను. సుభద్రమ్మ గారు నన్ను తిట్టలేదు. మిగిలిన దోశను, ఎంగిలి అని కూడా చూడకుండా, ఆమే తినేసి చేయి కడుక్కున్నారు. నా కోపం మాత్రం అట్లాగే ఉండిపోయింది.

కొన్ని నెలలు సాఫీగా గడిచాయి. తగ్గించిన మందుతో ఓబులమ్మకు గడ్డ పెరగలేదు, నోరూ మానింది. ఒక మధ్యాహ్నం నా ఫోను మోగింది. ఎప్పుడూ నేను చేయడమే గానీ, ఆమె తనంతట తాను చేయడం అదే మొదలు.

“పాపా, నేను ఓబులమ్మను. బాగలేదు. గొర్ల దొడ్డి దాకా పోతే దమ్ము చాలడంలే. ఒకటే పొడిదగ్గు. డాక్టరమ్మకు చెప్పు.”

ఆ ‘బాగలేదు’ కోసం ఎన్ని బస్సులెక్కానో! అది విన్నాక ఫోను పట్టుకునే డాక్టరమ్మ గదికి పరుగెత్తాను. సుభద్రమ్మ గారు అప్పటికప్పుడు అంబులెన్సు పంపించారు. ఊపిరితిత్తుల్లో వాపు, రెండో మందు వల్ల వచ్చినదే. ఇంకొన్నాళ్ళు దాచిపెట్టి ఉంటే ప్రాణం మీదికొచ్చేది. సకాలంలో తెలిసింది కాబట్టి వాపు తగ్గింది. అయితే అంత వాపు వచ్చాక ఆ మందు మళ్ళీ ఇవ్వడానికి లేదు, తగ్గించి కూడా. ఆమెను మంచం మీదినుంచి లేపిన మందే చేజారిపోయింది. చెబితే ఆపేస్తారని ఆమె భయపడింది, చెప్పింది, ఆపేశాం. ఆ సంగతి ఆమెకు తెలియజేసేటప్పుడు నేను ఆ గదిలో ఉండకపోతే ఎంత బాగుండేదో అనిపించింది.

“నేను చెప్పకపోయింటే ఇంకా ఇస్తాంటిరి గదమ్మా?” అని అడిగింది ఓబులమ్మ.

“ఇస్తాంటిమి. నువ్వు పోతాంటివి.”

అంత మొరటుగానా చెప్పేది! వెళ్ళి డాక్టరమ్మ నోరు మూయాలనిపించింది నాకు. ఓబులమ్మ మాత్రం కొంచెం నవ్వింది.

“సరేలే తల్లీ. ఆ వచ్చే ఆమెకైనా ముందే చెప్పండి. దొడ్డి దాకా నడిచి చూసుకోమనండి.”

సుభద్రమ్మ గారు కిటికీ వైపు తిరిగారు. ఇటు తిరగకుండానే నా మీద అరిచారు. “ఏం చూస్తాండావు మే, రాసుకో!”

వేరే మందులతో ఓబులమ్మ ఇంకొంత కాలం బతికింది. ఆ తర్వాత జబ్బే ఆమెను తీసుకుపోయింది. సుభద్రమ్మ గారు ఉద్యోగం చాలించి పులివెందుల చేరుకున్నారు, చివరికి అక్కడే మంచాన పడ్డారు. చూడటానికి వెళ్ళి ఎట్లున్నారు మేడమ్ అని అడిగాను. ఎక్కడెక్కడ నొప్పో, అది మంటా పోటా, ఏ పక్కకు తిరిగితే పెరుగుతుందో వరసగా అంతా చెప్పి, నేను రాసుకోకుండా ఉత్త చేతులతో కూర్చుని వింటున్నానని తిట్టారు. నాకు ఆవిడ ఇచ్చిపోయిన ఆస్తి ఆ పాడు అలవాటే. ఇంట్లో ఎవరైనా బాగున్నానంటే చాలు, ఎక్కడ బాగున్నావు, ఎంత బాగున్నావు అని వెంటపడతాను. చుట్టాలు ఇప్పుడు నాతో ఫోన్లో వాతావరణం గురించి మాట్లాడి పెట్టేస్తున్నారు.

ఈ రోజు వీరపునాయునిపల్లె నుంచి వచ్చినామె నా ముందు కూర్చుంది. ఇప్పుడు పరీక్షిస్తున్న మందుల జంట వేరు. మర్యాద మాత్రం అదే.

“ఎట్లుండావమ్మా?”

“బాగుండా మేడమ్.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. దోశ తెప్పిద్దామా అని కూడా అనుకున్నాను, అంత తెగువ నాకు లేదు. దానికి బదులు ఓబులమ్మ సంగతి మొదటినుంచి చెప్పాను. పుండ్లు, కారం, దొడ్డి దాకా నడక, ఏదీ వదలలేదు. ఆమె కళ్ళార్పకుండా విని, “ఆయమ్మ ఇప్పుడెట్లుండాది మేడమ్?” అని అడిగింది.

బాగుండాది అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా అదే జబ్బుతో ఉన్న మనిషి, అంత ఆశగా చూస్తోంది. ఆ ఒక్క మాట అంటే ఏం పోతుంది?

“లేదమ్మా, పోయింది,” అన్నాను. “చెప్పబట్టి ఇంకొంత కాలం బతికింది. ఆ తర్వాత పోయింది.”

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. తర్వాత కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

“నాకు గూడా నోరు మండుతాంది మేడమ్. సంగటి దిగడంలే. రాసుకోండి.”